పట్టుచీరను డ్రై క్లీనింగ్‌కి ఇచ్చే ముందు

డ్రై క్లీనింగ్‌లో నీళ్లు వాడరు గానీ బట్ట మాత్రం నిండా తడుస్తుంది, ద్రావకంలో. పెద్ద యంత్రాలున్న షాపుల్లో అది చాలావరకు పెర్‌క్లోరోఇథిలీన్. చిన్న షాపుల్లో మినరల్ టర్పెంటైన్, కొన్నిచోట్ల ఏకంగా పెట్రోల్.

పెర్‌క్లోరోఇథిలీన్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2ఎ వర్గంలో పెట్టింది: మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే అవకాశం బాగా ఉన్నదని. ఏళ్ల తరబడి పీలిస్తే కాలేయం, మూత్రపిండాలు, నరాలు దెబ్బతింటాయి. డ్రై క్లీనింగ్‌లో దీన్ని పదేళ్లలో పూర్తిగా ఆపేయాలని అమెరికా 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. పెట్రోల్‌లో ఉండే బెంజీన్ ఇంకా ప్రమాదం, అది నిర్ధారిత క్యాన్సర్ కారకం. ఇంట్లో బకెట్‌లో పెట్రోల్ వాష్ మాత్రం ఎప్పుడూ చేయకండి. పట్టు రాపిడికి పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు, ఆవిరి అంటుకుంటుంది.

అసలు ముప్పు రోజంతా డ్రై క్లీనింగ్ గదిలో పనిచేసేవాళ్లది. మనకు తక్కువే, అయినా ఊరికే ఎందుకు పీల్చాలి? ప్లాస్టిక్ కవరు ఇంటి బయటే తీసేసి, వాసన పోయేదాకా ఒకటి రెండు రోజులు గాలికి ఆరేసి, ఆ తర్వాతే బీరువాలో పెట్టండి. ఉన్ని, పాలిస్టర్ సూట్లకు ఇంకొంచెం సమయం ఇవ్వండి.

ఇంకో సంగతి. ద్రావకం నూనె, నెయ్యి మరకలను తీస్తుంది. చెమట ఉప్పు నీటిలో కరిగేది, ద్రావకానికి సరిగా లొంగదు. పెళ్లికి కట్టి చెమట పట్టిన చీరకు నీళ్లే నయం.

ముందు రంగు చూడండి. తడిపిన తెల్ల నూలు గుడ్డను అంచు, పల్లు, ఒంటి రంగు మీద విడివిడిగా నిమిషం పాటు అదమండి. ఎక్కడ రంగు దిగినా ఇంట్లో ఉతకొద్దు, వెట్ క్లీనింగ్ (ద్రావకంతో కాక నీళ్లతోనే నిపుణులు జాగ్రత్తగా చేసే ఉతుకు) చేసే షాపుకి ఇవ్వండి. దిగకపోతే 10–12 కుంకుడుకాయలు గింజలు తీసి, లీటరు వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిసికి, గుడ్డలో వడకట్టి అర బకెట్ చన్నీళ్లలో కలపండి. మూడు నాలుగు నిమిషాలు జాడించి, రెండుసార్లు మంచినీళ్లలో తీయండి. కుంకుడు రసం తెలుపు, మీగడ రంగు చీరలకు పసుపుఛాయ ఇస్తుంది, వాటికి ఉన్ని బట్టల లిక్విడ్ మేలు. మామూలు సర్ఫ్ వద్దే వద్దు: దాని క్షారం పట్టును బిరుసెక్కిస్తుంది, మరకలు తీసే ఎంజైములు పట్టులోని ప్రోటీన్‌నే తినేస్తాయి.

పిండకండి. తువ్వాలులో చుట్టి నీళ్లు అద్ది, నీడలో తిరగేసి ఆరేయండి. కాస్త చెమ్మ ఉండగానే లోపలివైపు నుంచి, జరీ మీద నూలు గుడ్డ వేసి, తక్కువ వేడిలో ఇస్త్రీ చేయండి.