రెండు వేళ్ల లూజు: నా మొదటి రేస్ సూట్

బైక్ రేసుకి వేసుకునే లెదర్ సూట్ కొలతలకి నేను వెళ్లింది హనుమకొండలో మా కాలనీ టైలర్ కాక దగ్గరికే. నా స్కూల్ యూనిఫాం నుంచి చెల్లి పెళ్లికి వేసుకున్న షర్వానీ దాకా అన్నీ ఆయన కత్తిరించినవే. నా ఒళ్లు ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదనుకున్నాను.

చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో రెండు రోజుల రైడింగ్ స్కూల్‌కి పేరు ఇచ్చాను. వాళ్లు పంపిన నియమాల్లో మొదటిదే ఇది: లెదర్ సూట్ లేనివాళ్లని ట్రాక్ మీదికి వదలరు. సూట్ ఒకే ముక్కగా ఉండాలి, లేదంటే పైదీ కిందదీ నడుము చుట్టూ జిప్పుతో పూర్తిగా కలవాలి. రోజూ నేను వేసుకునే జాకెట్ నైలాన్‌ది. వేగంగా పోతూ పడి రోడ్డు మీద జారితే, రాపిడి వేడికి ఆ దారాలు కరుగుతాయి. తోలు అలా కరగదు. దాని పీచు బట్టలాగా అడ్డం, నిలువు అని కాకుండా అన్ని దిక్కులకీ పెనవేసుకుని ఉంటుంది. అందుకే ఒకచోట తెగినా చిరుగు తొందరగా పాకదు. రేస్ సూట్లకి ఎక్కువగా వాడేది 1.2 నుంచి 1.4 మిల్లీమీటర్ల మందం ఉన్న ఆవు తోలు. కంగారూ తోలు అంతకంటే పలచగా ఉండి కూడా గట్టిగా నిలుస్తుంది కానీ, ఆ ధర నాకు అందేది కాదు. ఆవు తోలు సూటే నాకు నెల జీతం దాటింది.

వేరే రాష్ట్రంలో కొలతలకి కుట్టి పంపేవాళ్లకి ఆర్డర్ ఇచ్చాను. వాళ్ల ఫారం రెండు పేజీలు. మెడ వెనక ఎముక దగ్గర మొదలుపెట్టి, కాళ్ల మధ్య నుంచి తిప్పి, గొంతు గుంట దాకా టేపు పట్టాలి. ఆ ఒక్క కొలత తప్పితే మిగతావి ఎంత సరిగ్గా ఉన్నా బండి మీద వంగలేం. కాక కళ్లద్దాలు సర్దుకుని ఓపిగ్గా అన్నీ తీశాడు. “ఊపిరి వదులు బిడ్డా, బిగబట్టకు” అంటూ ప్రతిచోటా టేపు కింద రెండు వేళ్లు పెట్టి అంకె చెప్పాడు. నేను రాసుకున్నాను.

రెండున్నర నెలలకి పార్సిల్ వచ్చింది. విప్పగానే ఇల్లంతా తోలు వాసన. వీపు మీద ఉబ్బెత్తుగా ఉన్న మూపురం చూసి అమ్మ “ఇదేందిరా, ఎద్దు మూపురం లెక్క?” అంది. వేగంగా పోయేటప్పుడు హెల్మెట్ వెనక గాలి సాఫీగా జారిపోవడానికి అది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న సూట్లలో దాని ఎలక్ట్రానిక్స్‌కి కూడా అక్కడే చోటు. ప్రపంచ స్థాయి బైక్ రేసులైన మోటోజీపీలో 2018 నుంచి ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. నా సూట్‌లో అది లేదు. ఉత్త మూపురమే.

సులువుగా వేసుకున్నాను, జిప్పు సాఫీగా ఎక్కింది, అద్దంలో చూసుకుని మురిసిపోయాను. ఆ వారమే, గతంలో రేసులు చేసిన కరీంనగర్ అన్న చూడ్డానికి వచ్చాడు. నన్ను బండి మీద కూర్చోబెట్టి, ట్యాంక్ మీదికి వంగమన్నాడు. నా మోకాలి ప్యాడ్‌ని రెండు చేతులతో పట్టుకుని తిప్పాడు. అది మోకాలిచిప్ప మీద నుంచి జారి పక్కకి పోయింది. “తమ్మీ, ప్యాడ్ ఈడికి వొయినంక నీ మోకాలికి ఏం మిగిలింది?” అన్నాడు.

షర్ట్‌కి కావాల్సిన రెండు వేళ్ల లూజు ఇక్కడ పనికిరాదు. తోలు వాడేకొద్దీ ఒంటికి తగ్గట్టు సాగుతుంది. కొత్తలోనే వదులుగా ఉంటే ఇంకా వదులవుతుంది. పడి జారేటప్పుడు తోలు ముడతపడి మెలితిరుగుతుంది, ప్యాడ్ పోయి ఇంకెక్కడో కూర్చుంటుంది.

అన్న అంతటితో ఆగలేదు. లోపలి సంచుల్లోంచి ప్యాడ్లు బయటికి లాగాడు. ఉత్త స్పంజు ముక్కలు, ఒక్కదాని మీదా ముద్ర లేదు. అసలు ప్యాడ్ మీద బండి నడిపే మనిషి బొమ్మ, ఈఎన్ 1621 అనే యూరప్ ప్రమాణం నంబరు, లెవెల్ 1 లేదా 2 అని అచ్చు ఉంటాయి. భుజాలు, మోచేతులు, మోకాళ్ల ప్యాడ్లని 50 జౌల్స్ శక్తితో కొట్టి, అవతలి వైపుకి ఎంత బలం దాటిందో చూస్తారు. లెవెల్ 1కి సగటు 35 కిలోన్యూటన్లు దాటకూడదు, లెవెల్ 2కి 20. వీపుకైతే ఇంకా కఠినం, లెవెల్ 1కి 18, లెవెల్ 2కి 9. ఆ స్పంజుని బొటనవేలితో నొక్కితే అవతలి వేలు తగిలింది. డబ్బు పోయినందుకు కాదు, దాన్ని నమ్ముకుని ట్రాక్ ఎక్కేవాడినే అన్న ఆలోచనకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కుట్టినవాళ్లు ముందు “కొలతలు మీరు ఇచ్చినవే కదా” అన్నారు. అది నిజమే. స్పంజు ఫొటోలు పంపాక గొంతు మారింది. మూడు వారాలు ఫోన్లు నడిచాక, కొరియర్ ఖర్చు నాది, సైజు తగ్గించే పని వాళ్లది అని తేలింది. లెవెల్ 2 ప్యాడ్లూ, వీపు ప్రొటెక్టరూ నేనే వేరేగా కొన్నాను.

రెండోసారి కొలతలకి కాక మా ఇంటికే వచ్చాడు. లోపల వేసుకునే పలచటి సూట్ మీద, బండి స్టాండ్ వేసి కూర్చున్నాక, టేపు ఒంటికి అంటుకునేలా పట్టాడు. మోకాలు మడిచినప్పుడు తొడ ఎంత ఉబ్బుతుందో చూసి ఆగిపోయాడు. “పోయినసారి కుర్చీ మీద కూసోవెట్టి కూడా చూడకపోతిని. జెర చెప్తే అయిపోవు గద బిడ్డా” అన్నాడు. చెప్పాల్సింది నేనే.

ఈసారి వచ్చిన సూట్‌లో నిటారుగా నిలబడలేకపోయాను. భుజాలు ముందుకి లాగుతున్నాయి, మోకాళ్లు వాటంతట అవే వంగుతున్నాయి. బండెక్కి వంగగానే అన్నీ వాటి చోట్లలో కుదురుకున్నాయి. అన్న మళ్లీ మోకాలి ప్యాడ్ పట్టి తిప్పాడు. ప్యాడ్‌తో పాటు నా కాలు తిరిగింది. సరిగ్గా కుదిరిందనడానికి అదే గుర్తట.

మే నెలంతా రోజూ సాయంత్రం అరగంట వేసుకుని వాకిట్లో బండి మీద కూర్చునేవాణ్ని. ఛాతీ మీద తోలుకి సన్నటి రంధ్రాలున్నా, బండి కదిలి గాలి తగిలితేనే వాటి పని. నిలబడ్డ బండి మీద, వరంగల్ ఎండలకి, పది నిమిషాల్లో లోపలి బట్ట పిండుకునేంత తడిసేది. అమ్మ చెంబుతో మజ్జిగ పట్టుకుని పక్కనే ఉండేది.

జులైలో వరంగల్ స్టేషన్‌లో రైలెక్కాను. ట్రాక్ దగ్గర తనిఖీ చేసినాయన సూట్ కంటే ముందు గ్లౌజు చూశాడు. అది మణికట్టు దాటి సూట్ చేతి అంచు మీదికి రావాలి. ప్యాడ్లు నొక్కాడు, జిప్పులు లాగాడు, స్టిక్కర్ అంటించాడు.

రెండో రోజు మధ్యాహ్నం, ఒక కుడి మలుపులో ముందు చక్రం జారింది. ఏం జరిగిందో తెలిసేలోపే కుడి తుంటి మీద జారుతున్నాను. తోలు తారు మీద జర్రుమంటున్న చప్పుడు హెల్మెట్‌లో కూడా వినిపించింది. కంకర దగ్గర ఆగాను. చేతులు, కాళ్లు, మెడ ఒక్కొక్కటే కదిపి చూసుకున్నాను. తుంటి మీద అరచేయంత వాపు, అంతే. చర్మం ఎక్కడా లేవలేదు.

రాత్రి లైటు కింద సూట్ పరిచి చూశాను. తుంటి దగ్గర నలుపు రంగు పోయి, తోలు పచ్చిగా, నూగుగా లేచింది. మోచేతి దగ్గర పైకి కనిపించే కుట్టు రెండంగుళాల మేర అరిగిపోయింది. గోటితో విడదీసి చూస్తే, దాని కింద దాచిన రెండో కుట్టు ఒక్క పోగు కూడా వదలకుండా పట్టుకుని ఉంది.

ఇంటికొచ్చాక వరంగల్ చౌరస్తా దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకి చూపించాను. అటూ ఇటూ తిప్పి, దారాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు. “ఇది నేను కుట్టద్దు బిడ్డా. నా ఆరె లావుది. పక్కపక్కన బొక్కలు వడితే రేపు ఆ గీత పొంటే చినుగుతది. కుట్టినోళ్లకే పంపు” అన్నాడు. చూసినందుకు డబ్బులిస్తే తీసుకోలేదు.

పంపాను. మోచేతికీ తుంటికీ కొత్త ముక్కలు వేసి పంపారు, పాత నలుపుకీ కొత్త నలుపుకీ తేడా తెలుస్తోంది. వానాకాలం కదా, బూజు పట్టకుండా బీరువాలో పెట్టకుండా, లావు హ్యాంగర్‌కి తగిలించి ఫ్యాన్ గాలి తగిలే గదిలో ఉంచాను. కాక మొన్న వచ్చి ఆ కొత్త కుట్టు మీద వేలితో రాసి, అంగుళానికి ఎన్ని పోట్లు పడ్డాయో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు.