డెలావేర్‌లో గట్టు తగాదా

ముందే చెప్పేస్తున్నా, మేం పోయింది లాప్‌టాప్ కొనడానికి. చరిత్ర చూద్దామని కాదు. అమెరికాలో న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండే మాలాంటి వాళ్లకి తెలిసిందే కదా, పక్క రాష్ట్రం డెలావేర్‌లో సేల్స్ టాక్స్ లేదు, మా జెర్సీలో 6.625 శాతం. 1200 డాలర్ల లాప్‌టాప్ మీద 80 డాలర్లు మిగులుతాయని పాప లెక్కేసి చెప్పింది. తీరా పెట్రోలు, టోళ్లు, నలుగురి లంచ్ పోను ఏం మిగిలిందో అడక్కండి. డెలావేర్ మెమోరియల్ బ్రిడ్జి మీద అటు పోయేటప్పుడే టోల్, వచ్చేటప్పుడు ఫ్రీ అంట, రప్పించుకుని వసూలు చేయడం అంటే ఇదే.

నాన్న టూరిస్ట్ వీసా మీద వచ్చి రెండు నెలలైంది, ఇంట్లో కూర్చోలేక విసిగిపోయి ఉన్నాడు. న్యూయార్క్ చూపించాను, వాషింగ్టన్ రెండు రోజులు తిప్పాను, అన్నిటికీ "బాగుంది" అని ఒకే మాట. బ్రిడ్జి ఎక్కాక మాత్రం ఊరికే ఏదో ఒకటి చెబుదామని, ఇక్కడ ఈ డెలావేర్ ఏరు మధ్యలో కాదు నాన్నా హద్దు, జెర్సీ ఒడ్డున నీళ్ల అంచు దాకా డెలావేర్‌దే, 1934లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది అన్నా. అంతే, ఆయన సీట్లో ముందుకు జరిగి "ఏరు మొత్తం ఒకడికే ఎట్టా రాస్తారా?" అన్నాడు. కోర్టు, హద్దు అనే మాటలు వింటే మా నాన్నకి ప్రాణం లేచొస్తది. మా ఊళ్లో బాబాయితో గట్టు తగాదా పద్దెనిమిదేళ్లు నడిచింది, నేను ఇంటర్ నుంచి ఉద్యోగం దాకా ఆ కథ వింటూనే పెరిగా.

అందుకే మాల్ అయ్యాక న్యూకాజిల్ తీసుకెళ్లా. ఏటి ఒడ్డున చిన్న ఊరు, ఎర్ర ఇటుకల పాత కోర్టు, పైన తెల్లటి బుల్లి గోపురం. ఆ గోపురాన్ని నడిమధ్య పెట్టుకుని 12 మైళ్ల వృత్తం గీస్తే, ఆ గీతే డెలావేర్‌కి ఉత్తరం హద్దు. నాన్న కాసేపు తల పైకెత్తి చూసి "గుండ్రంగా హద్దు పెట్టినోడు ఎప్పుడన్నా అరక దున్నాడా అసలు" అన్నాడు. నాకు నవ్వాగలేదు.

ఇక్కడికి 1638లో స్వీడన్ వాళ్లొచ్చారు, తర్వాత డచ్చి వాళ్లు లాక్కున్నారు, 1664లో ఇంగ్లీషోళ్లు వాళ్ల దగ్గర లాక్కున్నారు. పైనున్న పెన్సిల్వేనియా ఏమో ఇంగ్లండ్ రాజుగారు విలియం పెన్ తండ్రికి బాకీ పడ్డ డబ్బుకి బదులు 1681లో పెన్‌కి రాసిచ్చింది. సముద్రానికి దారి కావాలని పెన్ ఈ కింది మూడు జిల్లాలు కూడా తీసుకున్నాడు, అవే ఇప్పటి డెలావేర్. 1682లో ఇక్కడ ఓడ దిగితే కోట తాళంచెవి, కొమ్మ గుచ్చిన మట్టిగడ్డ, గిన్నెలో ఏటి నీళ్లు చేతికిచ్చి భూమి అప్పగించారంట. "మనం నీళ్లు ధార పోసినట్టే" అన్నాడు నాన్న. నిజమే, నాకా పోలిక తట్టలేదు.

పెన్‌కి రాసిచ్చేటప్పటికే పక్కన మేరీల్యాండ్ ఉంది, 1632లోనే కాల్వర్ట్ కుటుంబం పేరు మీద. వాళ్ల కాగితం ప్రకారం హద్దు 40 డిగ్రీల అక్షాంశం గీత, ఆ గీత పట్టుకుంటే ఫిలడెల్ఫియా ఊరే మేరీల్యాండ్‌లోకి పోతది! ఎనభై ఏళ్లు కొట్టుకున్నారు, మనుషులు కూడా చచ్చారు. చివరికి 1763లో ఇంగ్లండ్ నుంచి మేసన్, డిక్సన్ అని ఇద్దర్ని పిలిపించి కొలిపించారు, ఫిలడెల్ఫియా దక్షిణపు కొసకి 15 మైళ్లు కిందగా గీత లాగారు. మైలుకో రాయి, అయిదు మైళ్లకో పెద్ద రాయి, దాని మీద ఒక పక్క పెన్ ముద్ర, ఒక పక్క కాల్వర్ట్ ముద్ర. ఆ రాళ్లు కూడా ఇంగ్లండ్ నుంచి ఓడల్లో తెచ్చారంటే చూడండి, ఇక్కడ రాళ్లు లేనట్టు.

డెలావేర్, పెన్సిల్వేనియా, మేరీల్యాండ్ మూడూ కలిసే చోట రాయి చూస్తానని నాన్న పట్టుబట్టాడు. న్యూఆర్క్ దాటి వైట్ క్లే క్రీక్ అడవిలో బురదలో నడక, పాప లాప్‌టాప్ కారులో ఉందని ఏడుపు, మా ఆవిడ చెప్పులు పాడైనయ్యి. తీరా చూస్తే మోకాలెత్తు కూడా లేని రాయి. 1849లో పెట్టింది. రెండు పక్కల ఎం, రెండు పక్కల పి. డి ఎక్కడా లేదు! ఎందుకంటే ఆ 12 మైళ్ల వృత్తానికీ, మేసన్, డిక్సన్ లాగిన గీతలకీ మధ్య దాదాపు 700 ఎకరాల ముక్క ఎవరిదో తేలలేదు, పెన్సిల్వేనియా నాదంది, డెలావేర్ నాదంది, పూర్తిగా డెలావేర్‌కి తేలింది 1921లో.

నాన్న వంగి రాయి నాలుగు పక్కలా తడిమాడు, ఎవరన్నా కదిపారేమో అన్నట్టు. ఏ గొలుసుతో కొలిచారు అన్నాడు. 66 అడుగులది, వంద లింకులు అన్నా. "మన సర్వేయర్ గొలుసే కదరా!" అని మొహం వెలిగిపోయింది. మనకీ అది నేర్పింది ఆ తెల్లోళ్లే మరి. పది చదరపు గొలుసులు ఎకరం, అందులో వందో వంతు సెంటు, బాబాయితో తగాదా అంతా నాలుగు సెంట్ల గురించే.

ఆ రాయి మీద చెయ్యేసి ఫొటో తీయించుకుని ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అక్కడ తెల్లవారుజామున మూడు. అయినా బాబాయి వెంటనే మెసేజ్ పెట్టాడు: "అన్నయ్యా, అక్కడన్నా రాయి జరపబోకు."