తంగేడు మీద తుమ్మెద మోత: నాలుగో ఆదివారమూ గాలిపాలే

రెండు గంటల రికార్డింగులో పనికొచ్చింది 1.4 సెకన్లు. అదీ చివర్లో మైకుకి గాలి తగలకుండా తొడిగిన బొచ్చుకి తుమ్మెద కాలో రెక్కో తగిలి బర్రుమంది. ఇంటికొచ్చి ఆడాసిటీలో, అంటే కంప్యూటర్లో శబ్దాన్ని గీతలుగా చూపించే సాఫ్ట్‌వేర్‌లో, చూసుకున్నాక ఇడ్లీ కూడా సయించలేదు.

నా కోరిక పెద్దదేం కాదు. తంగేడు పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి ఉంటుంది గానీ దులిపితే రాలదు, కేసరాల కొసల్లో సన్న చిల్లుల వెనక దాక్కుంటుంది. నల్ల తుమ్మెద వచ్చి కేసరాల్ని పట్టుకుని, రెక్కలు ముడిచి, ఒళ్లు అదరగొడితే అప్పుడు చిమ్ముతుంది. ఎగిరేటప్పటి మోత వేరు, ఈ అదురు మోత వేరు. బొంయ్ మంటూ వచ్చి, వాలి, ఒక్క క్షణం ఆగి, హెచ్చు శ్రుతిలో జ్... జ్... జ్. ఆ జ్ మూడు సెకన్లు శుభ్రంగా దొరికితే చాలు నాకు. గండుతుమ్మెద అని మగదానికి పేరొచ్చింది గానీ, పుప్పొడి కోసం ఈ చాకిరీ అంతా చేసేది ఆడదే.

చోటు పాతదే. తిరుపతి దగ్గర శ్రీనివాస మంగాపురం దాటి శ్రీవారి మెట్టుకి పోయే దారిలో, అడవికి ఇవతల. మేకలు ముట్టవు కాబట్టి తంగేడు అక్కడ నడుమెత్తు పెరిగింది. 6.25కి ఐదు చుక్కల జింకలు దారి దాటాయి. ముందున్న ఆడది నన్ను చూసి కాలు నేలకేసి కొట్టి రెండుసార్లు అరిచింది. ఈ రోజు మొత్తంలో మచ్చలేని రికార్డింగు అదే, నేను అడగంది. ఎమిగ్రంట్ సీతాకోకచిలుక గొంగళి పురుగు ఒకటి తంగేడు ఆకు మీద, 28 మిల్లీమీటర్లు, ఫొటో బాగా వచ్చింది.

ఇక అసలు ఏడుపు.

మొదట రికార్డర్ని బుల్లి ట్రైపాడ్ మీద పువ్వుకి 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టా. తుమ్మెద మోత వెంట్రుకంత గీతలా కనబడింది, దాని మీద మెట్టుకి పోయే ఆటోల మోత కంబళిలా కప్పేసింది. అడుగు మోతల్ని కోసేసే లో-కట్‌ని 120 హెర్ట్జ్‌కి పెట్టినా ఆటో ముందు ఏ కట్టూ నిలవదు.

సరే దగ్గరికి పోదామని చొక్కాకి తగిలించే చిన్న మైకుని, గాలి బొచ్చు తొడిగి, పక్క రెమ్మకి బట్టల క్లిప్పుతో పెట్టా. పువ్వుకి 8 సెంటీమీటర్లు. ఇక్కడే దెబ్బతిన్నా. తుమ్మెద బరువు నేను లెక్కలో వేసుకోలేదు. స్కేలు పెట్టి చూశా: ఖాళీగా ఉన్నప్పుడు పూలగుత్తి నేల నుంచి 94 సెంటీమీటర్లు, తుమ్మెద వాలితే 89. అంటే జ్ మొదలయ్యేసరికి పువ్వు మైకు కిందికి జారిపోయి, దాని ఆకులు బొచ్చుని రాస్తాయి. ఆరుసార్లు వాలింది, ఆరుసార్లూ బరబర. 1.4 సెకన్ల ముక్క ఇందులోదే. అందులో ఎగిరే మోత 140 హెర్ట్జ్ దగ్గర, అదురు మోత 260 దగ్గర కనబడ్డాయి. తేడా ఉందని రుజువైంది, అంతవరకే.

మూడో ఉపాయం, ఊగకుండా రెమ్మని వెదురుపుల్లకి జనపతాడుతో కట్టేశా. 40 నిమిషాల్లో ఒక్క తుమ్మెద వస్తే ఒట్టు. రెండు మీటర్ల అవతలి పొదకి మాత్రం తొమ్మిదిసార్లు వచ్చాయి. అప్పుడే మేకలు తోలుకొచ్చిన పెద్దాయన కాసేపు నిలబడి చూశాడు.

"ఏం నాయనా, తంగేడి పువ్వుకి మైకు పెట్టినావే, పాడతాదా?"

"పాడేది తుమ్మెద పెద్దాయనా, అది రాలేదింకా."

"అదెప్పుడో వచ్చి పాయ. నువ్వే పొద్దెక్కినాక వచ్చినావు."

నవ్వుకున్నా గానీ మాట బుర్రలో ఉండిపోయింది. బొచ్చు ఊగుతుంటే బెదిరాయా? నా నీడ పడిందా? కట్టేటప్పుడు పుప్పొడి రాలిపోయిందా? ఇది మాత్రం కాదు, చేత్తో ఊపితే రాలేదైతే ఇంత కథే లేదు. పూలలో పుప్పొడి మిగిలుందో లేదో చూద్దామనుకున్నా. సంచిలో 512 హెర్ట్జ్ శ్రుతిదండం ఉంది, కొడితే తుమ్మెదలా అదురుతుంది. చెప్పు మడమకి కొట్టి, కట్టిన రెమ్మ మీది పది పూలకి వరసగా ఆనించా, కింద నల్ల కాగితం పట్టుకుని. మూడింటికి పసుపు పొడి రాలింది. ఏడు ఖాళీ. అవతలి పొదలో పదింటికి ఎనిమిది రాల్చాయి.

పెద్దాయన మాటే నిజమై ఉండాలి. నేను కట్టిన పూలని ఎవరో అప్పటికే ఊడ్చేశారు. నేను పోయేసరికి 6.20, బాగా వెలుతురు. అంతకు ముందే ఒక విడత జరిగిపోతోందన్నమాట. తాము వెళ్లొచ్చిన పువ్వు మీద తుమ్మెదలు వాసన గుర్తు వదులుతాయి కూడా, కాబట్టి వెనకొచ్చినవి అటు దిగలేదు. లేదా రెండు పొదల మీద ఎండ పడే వేళలో తేడా. ఇరవై పూలతో తీర్పు చెప్పలేను.

పరికరాల మీద ఒక మాట. ఫోనుతో ప్రయత్నించేవాళ్లు మానుకోండి. ఫోను ఈ మోతని ఫ్యాను చప్పుడనుకుని శ్రద్ధగా తుడిచేస్తుంది. ఆన్‌లైన్లో తొమ్మిదొందలకి కొన్న వైర్‌లెస్ మైకు నాది, పేరెందుకు, వర్షం పడుతున్నట్టు ఒకటే హిస్సు. నా పాత జూమ్ హెచ్1ఎన్ రికార్డర్, తీగ మైకు, ఈ రెండే నమ్ముతా.

వచ్చే ఆదివారం రెమ్మని కట్టను. మైకుని పువ్వు ఉన్న చోటికి కాదు, దిగే చోటికి గురిపెడతా, 5 సెంటీమీటర్లు కిందికి, విడి పుల్ల మీద. శనివారం సాయంత్రమే పోయి ఎనిమిది గుత్తులకి దోమతెర గుడ్డ సంచులు తొడిగి, పొద్దున 5.45కల్లా అక్కడుండి ఒక్కోటీ విప్పుతా. ఆటోలు పెరిగేలోపు గంట దొరుకుతుంది. జింకలు మళ్లీ వస్తే పెద్ద రికార్డర్ వాటికే వదిలేస్తా, ఆ అరుపుకి ఇంకో ముక్క కావాలి. ఎండాకాలంలో కలివి పొదల పూతకి తలకోన పోవాలని ఉంది గానీ, ఇది తేలాకే.

పాత దోమతెర చింపడానికి అమ్మ ఒప్పుకోవడం లేదు. శుక్రవారంలోగా గాంధీ రోడ్డులో రెండు మీటర్లు కొనాలి, తెల్లదా పచ్చదా అన్నదే తేలలేదు.