లాక్రాస్ సాధన, ఆరో నెల: తడిసిన వల, క్రికెట్ హెల్మెట్ ప్రశ్న

లాక్రాస్ అంటే కొనకు వల ఉన్న స్టిక్‌తో బంతిని పట్టి విసిరే ఆట. నవంబరు ముసురులో విశ్వవిద్యాలయ మైదానంలో గంటసేపు ఆడి, తడిసిన స్టిక్‌ను తుడవకుండానే సంచిలో పెట్టి ఇంటికి తెచ్చాను. అది పూర్తిగా నా పొరపాటే. మూడో నాడు తీసి చూస్తే వల లోతుగా సాగిపోయి ఉంది. ఎదురుగా ఉన్న తమ్ముడికి విసిరిన బంతి ప్రతిసారీ అతని కాళ్ల ముందే నేలను తాకింది.

పురుషుల మైదాన లాక్రాస్‌లో వల లోతుకు ఒక నియమం ఉంది. స్టిక్‌ను కంటి ఎత్తున అడ్డంగా పట్టుకొని వలలో బంతి ఉంచినప్పుడు, బంతి పైభాగం పక్కగోడ (వలను బిగించే ప్లాస్టిక్ చట్రపు పక్కభాగం) కింది అంచు కన్నా దిగువకు జారకూడదు. నా స్టిక్‌లో ఆ రెంటి నడుమ వెలుతురు కనిపించింది. మొదట వల అడుగున ఉండే దారాన్ని ఒక ముడి మేర బిగించాను. లోతు తగ్గింది గానీ బంతి ఇంకా కిందికే పోతోంది. ఆపైన వలలో అడ్డంగా ఉండి, బంతి వలను వదిలే తీరును నిర్ణయించే షూటింగ్ దారాలలో పైదాన్ని కొద్దిగా వదులు చేసి, పెరటి గోడకు విసిరి చూసి, మళ్లీ వదులు చేసి, ఇలా రెండు సాయంత్రాలు గడిపాక బంతి ఛాతీ ఎత్తున సూటిగా పోయింది. ఒక్కసారికి ఒక్క దారాన్నే మార్చాలి; రెండు కలిపి మారిస్తే ఏది పని చేసిందో తెలియదు. ఇప్పుడు వాన పడిన రోజున వలను పొడిగుడ్డతో అద్ది, పాత దినపత్రికను ఉండగా చుట్టి అందులో కుక్కి, నీడలో ఆరబెడుతున్నాను.

కొత్తగా కొనేవారు 40 నుంచి 42 అంగుళాల పొట్టి స్టిక్‌తోనే మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. 52 నుంచి 72 అంగుళాల పొడుగు స్టిక్ డిఫెండర్ల పనికోసం.

ఈ నెల తమ్ముడు, "క్రికెట్ హెల్మెట్ ఇంట్లోనే ఉంది కదన్నా, అది చాలదా?" అని అడిగాడు. చాలదు. లాక్రాస్ బంతి చుట్టుకొలత 7.75 నుంచి 8 అంగుళాలు. క్రికెట్ బంతిది దాదాపు 9. పెద్ద బంతిని ఆపే జాలీ సందు ఈ చిన్న బంతిని కూడా ఆపుతుందని నమ్మి ముఖాన్ని అడ్డుపెట్టలేము. పైగా ఈ ఆటలో స్టిక్ దెబ్బ పక్కనుంచీ వెనకనుంచీ కూడా తగులుతుంది. ఛాతీ కవచం విషయంలో నేను మరింత పట్టుదలగా ఉన్నాను. 142 నుంచి 149 గ్రాముల గట్టి రబ్బరు బంతి, గుండె లయలో ఒకానొక క్షణాన సరిగ్గా గుండె మీద తగిలితే, ఆరోగ్యవంతుడైన కుర్రవాడి గుండె కూడా ఆగిపోవచ్చు. మామూలు మెత్తలు దీనికి సరిపోవు గనుక, గుండె మీద తగిలే ఇలాంటి దెబ్బకోసమే పెట్టిన ఎన్‌డీ 200 ప్రమాణపు ముద్ర ఉన్న కవచమే కొన్నాము. అది వచ్చేదాకా గురిచూసి విసిరే సాధనకు తమ్ముణ్ణి రానివ్వలేదు.

హెల్మెట్‌ను గోరువెచ్చని సబ్బునీళ్లతోనే తుడుస్తున్నాను. థిన్నర్, పెట్రోలు ప్లాస్టిక్‌ను బలహీనపరుస్తాయి. మౌత్‌గార్డ్‌ను ఎండలో నిలిపిన కారులో వదిలితే మెత్తబడి పళ్ల అచ్చు పోతుంది.

కుడి గ్లౌజు అరచేతి తోలు చిరిగింది. పట్టు బాగుంటుందని అరచేతి భాగాన్ని కోసేసుకోవడం నియమాలకు విరుద్ధం. అందుకే చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన దారాన్ని మైనం ముద్ద మీద మూడుసార్లు లాగి, చిరుగు కింద పలుచని తోలు అతికించి, దగ్గరదగ్గరగా కుట్టి ఇచ్చారు. నిన్న గంటన్నర ఆడినా కుట్టు కదలలేదు. ఎడమదాని బొటనవేలి దగ్గర కూడా తోలు పలుచబడింది. ఈ ఆదివారం దాన్నీ ఆయనకే ఇస్తాను.