పచ్చి బొప్పాయి, ప్లేట్‌లెట్లు, కోసేసిన యాంటీబాడీ

నిన్న రాత్రి అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతుంటే మటన్ ముదురుగా ఉందని పచ్చి బొప్పాయి నూరి పట్టించా అంది, నేనేమో అప్పుడే ల్యాబ్‌లో అదే బొప్పాయి పాలల్లో ఉండే, ప్రొటీన్లని కోసే పపైన్ అనే ఎంజైమ్‌తో యాంటీబాడీలు కోసి ఇంటికొచ్చా. అదే చెప్తే "యాంటీబాడీ మంచిదేగా, దాన్నెందుకు కోస్తారే?" అంది. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే ఇది.

మేం చూసే ప్రొటీన్, రక్తాన్ని గడ్డకట్టించే చిన్న కణం ప్లేట్‌లెట్ పైపొర మీద ఉంటుంది, పేరు జీపీ టూబీ త్రీఏ. ఒక్కో ప్లేట్‌లెట్ మీద దాదాపు 80,000 ఉంటాయి. మామూలప్పుడు ముడుచుకుని ఉంటాయి, ఎక్కడో రక్తనాళం తెగి కబురందగానే నిటారుగా లేచి రక్తంలో తిరిగే ఫైబ్రినోజెన్ అనే ఇంకో ప్రొటీన్‌ని పట్టుకుంటాయి, దాని రెండో కొసని ఇంకో ప్లేట్‌లెట్ పట్టుకుంటుంది, అలా గడ్డ కడుతుంది. కత్తిపీటకి వేలు తెగితే కావాల్సింది ఇదే. కానీ గుండె రక్తనాళంలో పేరుకున్న కొవ్వు పగిలినా ఇదే జరుగుతుంది, దారి మూసుకుపోతుంది.

ఈ ప్రొటీన్ పుట్టుకతోనే లేనివాళ్ళు, ఉన్నా పనిచేయనివాళ్ళు ఉన్నారు. గ్లాంజ్‌మన్ అనే స్విస్ పిల్లల డాక్టర్ 1918లోనే ఈ జబ్బు గురించి రాశాడు. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ లోపం వస్తేనే బయటపడుతుంది, కాబట్టి మేనరికాలున్న మన ఇళ్ళల్లో దీన్ని గుర్తుపెట్టుకోవాలి. పిల్లలకి ముక్కులోంచి, చిగుళ్ళలోంచి మాటిమాటికీ రక్తం కారుతూ ప్లేట్‌లెట్ కౌంట్ మాత్రం నార్మల్ అని వస్తే అక్కడితో ఆగిపోకండి, హెమటాలజిస్ట్‌కి (రక్త జబ్బుల డాక్టర్‌కి) చూపించండి.

1980ల్లో బారీ కోలర్ అనే అమెరికన్ హెమటాలజిస్ట్‌కి ఈ జబ్బు నుంచే ఐడియా వచ్చింది, మంచి ప్లేట్‌లెట్లని కూడా కొన్ని గంటలపాటు ఇలా చేయగలిగితే గుండె రక్తనాళాల్లో గడ్డలు ఆపొచ్చు కదా అని. ఎలకల యాంటీబాడీల్లో ఫైబ్రినోజెన్‌ని అడ్డుకునేదాన్ని వెతికి పట్టాడు.

అమ్మ అడిగిన ప్రశ్న ఇక్కడే వస్తుంది. యాంటీబాడీకి పట్టుకునే చేతులు రెండు, తోక ఒకటి. ఆ తోకని చూసే మాక్రోఫేజ్‌లు (ఒంట్లో అక్కర్లేనివాటిని మింగే కణాలు) వస్తాయి, అంటే మొత్తం యాంటీబాడీ ఎక్కిస్తే అది అతుక్కున్న ప్లేట్‌లెట్లనే స్ప్లీన్‌లో మింగేసే ప్రమాదం ఉంది. మనకి చెయ్యి చాలు. పపైన్ సరిగ్గా మెడ దగ్గర కోస్తుంది, రెండు చేతులూ ఒక తోకా విడిపోతాయి, ఈ చేతినే ఫ్యాబ్ అంటారు (1959లో ఇలా కోసి చూపించిన రాడ్నీ పోర్టర్‌కి 1972లో నోబెల్ వచ్చింది). పట్టుకునే కొస ఎలకది ఉంచి మిగతాది మనిషిదిగా మార్చి, పపైన్‌తో కోసి చేసిన మందే అబ్సిక్సిమాబ్. 2,099 మంది యాంజియోప్లాస్టీ పేషెంట్ల ట్రయల్‌లో చావులూ, హార్ట్ ఎటాక్‌లూ, ఎమర్జెన్సీగా మళ్ళీ చేయాల్సిన ప్రొసీజర్లూ కలిపి 35 శాతం తగ్గాయి, 1994లో అమెరికాలో అనుమతి వచ్చింది. పెద్ద బ్లీడింగ్‌లు మాత్రం రెట్టింపయ్యాయి, అది దాచకూడదు.

నిన్న మా జూనియర్ తన రక్తమే ఇచ్చాడు. సెంట్రిఫ్యూజ్‌లో మెల్లగా తిప్పితే పైన ప్లేట్‌లెట్లున్న లేత పసుపు ద్రవం తేలింది, ట్యూబ్‌ని లైటుకి పెట్టి ఊపితే పట్టుచీర మడతలా మెరుపు కదులుతుంది, అవి బాగున్నాయని గుర్తు. ట్యూబ్‌లోంచి ఎంత వెలుతురు దాటుతోందో గీతగా చూపే మెషిన్‌లో పెట్టి, ప్లేట్‌లెట్లకి కబురందించే ఏడీపీ అనే రసాయనం వేస్తే నిమిషాల్లో పాలు విరిగినట్టు ముద్దలు కట్టి కింద నీళ్ళు తేటపడ్డాయి, స్క్రీన్ మీద గీత పైకి లేచింది. రెండో ట్యూబ్‌లో ముందు మా ఫ్యాబ్ వేశాం. ఏడీపీ పడగానే గీత కొంచెం కిందకి దిగింది, అంటే ప్లేట్‌లెట్‌కి కబురందింది, గుండ్రంగా ఉబ్బింది కూడా. మా వాడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఆరు నిమిషాలయినా గీత పైకి లేవలేదు, ట్యూబ్ తీసి చూస్తే ఒక్క ముద్ద కూడా లేదు.