ప్రార్థన తర్వాత, ముందు బెడ్‌పాన్

ఇది రాస్తున్నప్పటికి నా చేతులకు డెట్టాల్ వాసన ఇంకా పోలేదు.

సంఘంలో రోగుల పరామర్శకు పేరివ్వడం ఐదు నిమిషాల పని. పాస్టరుగారు సంతకం పెట్టారు, ఆస్పత్రి వాళ్లు కార్డు ఇచ్చారు, ఒకపూట శిక్షణలో చేతులు కడుక్కోవడం నేర్పారు. అక్కడికే నేను, బైబిలు కథలో దారినపడ్డవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుణ్ణి అయిపోయాననుకున్నాను.

నాకు అప్పగించింది పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన్ని. చూడటానికి ఎవరూ రారు. మొదటిరోజు బైబిలు చంకన పెట్టుకుని వెళ్లి, మంచం పక్కన నిలబడి పావుగంట గొంతెత్తి ప్రార్థన చేశాను. తర్వాత "అంతా దేవుని చిత్తం తాతగారూ" అని అందుకున్నాను. ఆయన ముఖం గోడవైపు తిప్పుకుని, నాలుక మడతపడుతుంటే ఒక్కో మాటా కూడబలుక్కుని అన్నాడు: "బాబూ... ప్రార్థన తర్వాత. ముందు... బెడ్‌పాన్."

అది మంచం కింద కనబడుతూనే ఉంది. నా చెయ్యి రాలేదు. "నర్సమ్మను పిలుస్తానుండండి" అని బయటపడ్డాను. నిజం చెప్పాలంటే ఎవర్నీ పిలవలేదు, వరండా చివర నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి పక్క తడిసిపోయింది. పక్క మంచం రోగి భార్య ఆయన బట్టలు మారుస్తోంది. నన్ను చూసి, "ప్రార్థన అయిందా నాయనా?" అంది. చెంప మీద కొట్టినా బాగుండేది.

లూకా సువార్త 10వ అధ్యాయంలో, గాయపడి దారిలో పడున్నవాణ్ణి చూసి కూడా యాజకుడూ, ఆలయ సేవకుడైన లేవీయుడూ పక్కగా పోయారని సండే స్కూల్ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! ఆ కథలో సమరయుడు గాయపడ్డవాడికి ఒక్క ముక్క బోధించినట్టు లేదు. నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్లవాడికి రెండు వెండి దేనారాలిచ్చాడు. అదే బైబిల్లో, అన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికొచ్చిన స్నేహితులైతే ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరెత్తకుండా కూర్చున్నంతసేపూ మంచివాళ్లే. నోరు తెరిచాకే చెడింది.

నాకు పని నేర్పింది వార్డు ఆయా. "మోకాళ్లు మడిచి పక్కకు దొర్లించు. అంచు చల్లగా తగిలితే ఉలిక్కిపడతారు, వేణ్నీళ్లతో కడిగి తుడిచి పెట్టు. తెర లాగు. ఆయన ముఖంలోకి మాత్రం చూడకు." ఈ చివరి మాట ఏ శిక్షణలోనూ చెప్పలేదు. ఇప్పుడు మనిషిని మంచం దించకుండా దుప్పటి మార్చగలను. పాతదాన్ని సగందాకా చుట్టి వీపు కింద దోపడం, ఇటు తిప్పి లాగెయ్యడం. మా సంఘంలో ఇంకెవరికీ రాదు, ఈ ఒక్క గొప్ప చెప్పుకోనివ్వండి.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట: ఫోన్లు పట్టుకుని వెంటవచ్చే కమిటీ పెద్దల్ని గేటు దగ్గరే ఆపండి. మావాళ్లు పండ్ల బుట్ట తెచ్చి, మెతుకు మింగలేని మనిషి ఛాతీ మీద పెట్టి ఫోటో దిగి వెళ్లిపోయారు.

నిన్నటితో ఆరు వారాలు. ఆయన ప్రార్థన అడగలేదు, నేనూ ఆ ఊసెత్తలేదు. కాలిగోళ్లు తీయమన్నాడు. బొటనవేలి గోరు గట్టిపడిపోయి కట్టర్‌కు లొంగలేదు. గురువారం ముందు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి చూడాలి.