యాష్‌విల్‌లో నిలవని షడ్జమం

2022 అక్టోబరులో షార్లెట్ నుంచి యాష్‌విల్ వెళ్ళాం, రెండూ అమెరికాలోని నార్త్ కరోలినాలోనే. ఆ నెలలో అందరూ వెళ్ళేది రంగు మారిన ఆకులు చూడ్డానికే, మేమూ అందుకే. అక్కడి కొండల మీదుగా సాగే బ్లూ రిడ్జ్ పార్క్‌వే రోడ్డు గురించి చాలామంది రాశారు కాబట్టి వదిలేస్తున్నాను. డౌన్‌టౌన్‌లో పార్కింగ్ కోసం ముప్పావుగంట తిరిగి, అడిగినంతా ఇచ్చుకుని, చిరాగ్గా నడుస్తుంటే వాన మొదలైంది. తడవకుండా బ్రాడ్‌వే వీధిలోని మూగ్‌సియంలో దూరాం. కరెంటుతో స్వరాలు పుట్టించే వాయిద్యం సింథసైజర్‌కి పేరు తెచ్చిన బాబ్ మూగ్ జ్ఞాపకార్థం 2019లో తెరిచిన చిన్న మ్యూజియం అది.

లోపల థెరెమిన్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యం ఒకటి ఉంది, ఎవరైనా వాయించి చూడొచ్చు. తీగల్లేవు, మెట్లు లేవు, అసలు ముట్టుకోవడమే లేదు. ఒకపక్క నిలువు కడ్డీ, ఇంకోపక్క వంచిన కమ్మీ. కడ్డీకి కుడిచెయ్యి దగ్గరయ్యేకొద్దీ స్వరం పైకెళ్తుంది. కమ్మీ మీదికి ఎడమచెయ్యి దించితే శబ్దం తగ్గుతుంది.

షడ్జమం, అంటే 'స' పట్టుకుందామని చూశాను. నిలవలేదు. ఊపిరి పీల్చినా జారిపోతోంది. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం మాత్రం అడక్కుండానే వచ్చేస్తోంది! చిన్నప్పుడు వీణ మీద మెట్టు దగ్గర వేలు పెడితే స్వరం పలికేది, గమకానికే ఏళ్ళు పట్టింది నాకు. పావుగంట అక్కడే నిలబడిపోయాను. మావారు రెండుసార్లు పిలిచారు.

రాత్రి గదిలో దీన్ని వాయించినవాళ్ళ గురించి చదువుతుంటే శామ్యూల్ హాఫ్‌మన్ దగ్గర ఆగిపోయాను. వృత్తికి పాదాల డాక్టరు. ఎవరో బాకీ తీర్చలేక ఇచ్చిన థెరెమిన్‌తో మొదలుపెట్టాడట. 1945లో వచ్చిన 'స్పెల్‌బౌండ్' సినిమాలో వాయించాడు. ఆ సంగీతానికి స్వరకర్త మిక్లోష్ రోజాకి ఆస్కార్ వచ్చింది. హాఫ్‌మన్ పేరు ఇవాళ ఎంతమందికి తెలుసు?

మా పెదనాన్నే కళ్ళ ముందు మెదిలాడు. తణుకులో టిఫిన్ హోటల్ నడిపేవాడు. పెసరట్టు పెనం అంటుకుని కాలిన మచ్చలున్న ఆ వేళ్ళే రాత్రుళ్ళు పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవి. నటుడు రాగం తీస్తూ ఎక్కడికి పోయినా వెంటే ఉండేవాడు. ఒక్క క్యాసెట్ కూడా రికార్డు చేసుకోలేదు మేము.

అక్కడ తెల్లవారే ఉంటుందని అన్నయ్యకి ఫోన్ చేశాను. "అటక మీద పెదనాన్న హార్మోనియం పెట్టె దింపి చూడు అన్నయ్యా" అన్నాను. అరగంటకి తనే చేశాడు.

"తిత్తి ఎలకలు కొట్టేశాయే. రీడ్లు మాత్రం బాగానే ఉన్నాయి."